కశింకోట మామగారి సైకిల్ సీటు

ఆదివారం పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిల్ సీటు కింద పైపుకి కాస్త నూనె రాయాలి, సీటు జానెడు పైకి లాగాలి, బిగించాలి, వచ్చి కాఫీ తాగాలి. "కాఫీ కలిపేలోపు అయిపోద్ది" అని భార్యతో చెప్పాడు కూడా. మగవాళ్ళు ఇలాంటి మాట అన్నప్పుడు కాపురం అనుభవమున్న ఆడవాళ్ళు పాలు పొయ్యి మీద పెట్టరు. దుర్గాలక్ష్మీ పెట్టలేదు.

పని చిన్నదే గాని, దాని వెనకున్న అబద్ధం పెద్దది. ఆ సైకిల్ దుర్గాలక్ష్మి తండ్రి కొర్లయ్యది. కశింకోట దగ్గర చెరుకు పండించుకుంటూ ఏళ్ళ తరబడి దాని మీదే తిరిగి, మనవరాలు దివ్య ఐదో తరగతిలో ఉండగా ముచ్చటపడి ఇచ్చేశాడు. "సైకిల్‌కి పేనం బేరింగుల్లో ఉంటాది అల్లుడూ. రోజూ తొక్కాల. గ్రీజు పోకుండా సూసుకోవాల" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. దివ్య ఆ ఏడాది తొక్కింది. ఆ తర్వాత సైకిల్ మెట్ల కింద చేరి సాలెపురుగులకు ఇల్లయింది. కొర్లయ్య ఫోన్ చేసి అడిగినప్పుడల్లా త్రినాధరావు మాత్రం "రోజూ తొక్కుతోంది మామగారూ" అంటూనే ఉన్నాడు. పెద్దాయన మనసు నొప్పించడం ఎందుకని మొదటిసారి చెప్పాడు. తర్వాత అలవాటైపోయింది.

ఇప్పుడు దివ్య తొమ్మిదో తరగతి. కాళ్ళు పొడుగ్గా సాగాయి. ట్యూషన్‌కి షేర్ ఆటోలో వేలాడుతూ వెళ్ళలేక, మళ్ళీ సైకిల్ మీద మనసు పడింది. సరిగ్గా అప్పుడే కొర్లయ్య ఫోన్ చేశాడు: "ఆదివారం వత్తన్నాను. ఆ సైకిల్‌తో పనుంది."

"ఏటి పని? రోలుగుంటలో మా అన్నయ్య కొడుకు చంటిబాబు సైకిల్ కావాలని అడుగుతన్నాడంట," అంది దుర్గాలక్ష్మి. "సీటు ఇంకా ఐదో క్లాసు ఎత్తులోనే ఉంటే, ఇక్కడెవరూ తొక్కట్లేదని మా నాన్న ఇట్టే కనిపెట్టేత్తారు. రోలుగుంట పట్టుకుపోయి ఆడికిచ్చేత్తారు."

"సైకిల్ పోతే నేనింక నీతో మాట్లాడను నాన్నా," అంది దివ్య. అన్నంత పనీ చేసే పిల్ల అది.

త్రినాధరావు తెలివితక్కువవాడేం కాదు. ముందురోజే ఫోన్‌లో వీడియోలు చూశాడు. సీటు పైపు దిగే గొట్టం తిన్నగా పెడళ్ళ ఇరుసు దగ్గరికే పోతుంది. పల్చటి నూనె ధారగా పోస్తే కిందికి జారి బేరింగుల్లో గ్రీజునంతా కడిగేస్తుంది. అందుకని సైకిల్‌ని వసారాలో పక్కకి పడుకోబెట్టాడు. సీటు పైపు చుట్టూ పాత గుడ్డ చుట్టాడు. మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత ఇంజన్ ఆయిల్లో కిరసనాయిలు కలిపి పెట్టుకున్న సీసా తీసి, గుడ్డ మీద జాగ్రత్తగా వంపాడు. ఆయిల్ నల్లగా, చిక్కగా దిగింది. బేరింగులకి ఏ ఢోకా లేదని మురిసిపోయాడు.

నానినంతసేపు నాననిచ్చి సీటు పట్టుకుని తిప్పాడు. సీటు తిరగలేదు, సైకిల్ తిరిగింది. మళ్ళీ వంపాడు, మళ్ళీ తిప్పాడు. ఈసారి సైకిల్‌తో పాటు అతనూ తిరిగాడు. చేతులు సీటుకి అతుక్కుపోతుంటే, ఆయిల్ బాగా పట్టిందనుకున్నాడు. జలుబు చేసి ముక్కు పనిచెయ్యడం మానేసి అప్పటికి రెండు రోజులు.

ముందు చీమలు వచ్చాయి. తర్వాత పక్కింటి అప్పలనర్సమ్మ వచ్చింది.

"ఇన్నేసి సీమలేటి బాబూ! ఉండు, పసుపు జల్లుతాను," అని అతను వద్దనేలోపే గుప్పెడు పసుపు తెచ్చి సైకిల్ నిండా జల్లేసింది. చీమలు కాస్త ఆలోచించుకుని, పసుపు లేని వైపు నుంచి ఎక్కాయి.

ఎదురింటి నూకరాజు గేటులోంచి చూసేసరికి పసుపు పూసిన సైకిల్, దాని ముందు చేతులు జోడించినట్టు కూర్చున్న త్రినాధరావు కనిపించారు. నిజానికి ఆ చేతులు ఒకదానికొకటి అంటుకుపోయి విడిపోవడం లేదు.

"బండి పూజా బావా? ఒక్క మాట సెప్పలేదేటి!" అని నూకరాజు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నవాడు ఊరుకున్నాడా, ఇంటికెళ్ళి కొబ్బరికాయ పట్టుకొచ్చి గడప మీద ఠపీమని కొట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ కూడా పెట్టాడు.

"పూజ కాదు బావా, సీటు రావట్లేదు! మామగారు వచ్చేత్తన్నారు!" అని త్రినాధరావు ఏడుపొక్కటే తక్కువగా అరిచాడు.

"ముందే సెప్పొద్దా! మనిషికి రానిది తాడుకి వత్తాది," అన్నాడు నూకరాజు.

సీటుకి తాడు కట్టి రెండో కొస గేటుకి కట్టారు. ఇద్దరూ సైకిల్ ఫ్రేమును పొదివి పట్టుకుని వెనక్కి లాగారు. సీటు పిసరంతైనా కదలలేదు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి దుర్గాలక్ష్మి కేక వినిపించింది.

"ఏటండీ! నాన్న పంపిన చెరుకు పానకం కిరసనాయిలు కంపు కొడతందేటి? మినపరొట్టెలోకి ఒంపబోయేను!"

త్రినాధరావు పక్కనున్న సీసా వంక చూశాడు. పొద్దున్న వెనక వసారాలో రెండు సీసాలుండేవి. రెండూ పాత కూల్‌డ్రింకు సీసాలే, రెండింట్లోనూ నల్లటి సరుకే. ఒకటి ఆయిల్, ఒకటి మామగారు తన గానుగ దగ్గర పాకంలా చిక్కగా కాయించి పంపిన పానకం. అతను ఇంత పొద్దూ సైకిల్‌కి పోసింది పానకం! ఆ కంగారులో ఒక్క గుంజు గుంజాడు. గేటు ఊడి వచ్చి కొబ్బరిచిప్పల మీద పడింది.

వీధిలో షేర్ ఆటో ఆగింది. చంకలో సంచితో కొర్లయ్య దిగాడు. కింద పడున్న గేటు చూశాడు, పసుపు చూశాడు, నిమ్మకాయ చూశాడు, సీటుకున్న తాడు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ దివ్య కళ్ళల్లో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి.

"మామగారూ... ఆ సీటు..." అని త్రినాధరావు నిజం చెప్పెయ్యడానికి నోరు తెరిచాడు.

"తెలుసు బాబూ," అన్నాడు కొర్లయ్య తల దించుకుని. "అది రాదు. నానే టాకా ఏయించీసేను."

"ఏటీ?" అన్నాడు త్రినాధరావు.

"మా ఊళ్ళో ఎవులో సీటు ఎత్తుకుపోతంటే, యిసిగిపోయి నా పొట్టి కాళ్ళకి అందే ఎత్తులో వెల్డింగు పెట్టించీసి పైన నల్ల రంగు పూయించేను. ఇచ్చినప్పుడు ఆ మాట మరిసిపోనాను. మొన్న దివ్యమ్మ ఎంత ఎదిగిందో ఫోటోలో సూసేక గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పొట్టి సీటు మీద మోకాళ్ళు ముడుసుకుని రోజూ తొక్కతందే, తాత మీద ఒక్క మాటన్నా అనలేదే అని నాకు నిద్దర పట్టలేదు. నన్ను సెమించు అల్లుడూ."

త్రినాధరావు తెరిచిన నోరు మూసుకున్నాడు. "పోన్లెండి మామగారూ, పెద్దవారు," అని చాలా ఉదారంగా క్షమించేశాడు. దుర్గాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

కొర్లయ్య సంచిలోంచి రంపపు బ్లేడు తీశాడు. వేడినీళ్ళ గుడ్డతో జిగురంతా తుడిచి టాకా కోసేశాడు. లోపల గ్రీజు పట్టించాకే టాకా వేయించిన మనిషి కాబట్టి, చిన్న తిప్పుకే సీటు కిమ్మనకుండా పైకి వచ్చేసింది. తర్వాత పెడలు పట్టుకుని గిర్రున తిప్పి చెవి పెట్టి విన్నాడు. కిర్రుమనలేదు, గరగరలాడలేదు. పానకం గుడ్డ దగ్గరే పాకమై గట్టిపడి, బేరింగుల దాకా ఒక్క చుక్కైనా దిగలేదు. పోసింది నిజంగా ఆ కిరసనాయిలు కలిపిన పల్చటి ఆయిలే అయితే, అతను వంపిన వంపుడికి ఏ గుడ్డా ఆపేది కాదు.

"రోజూ తొక్కినా గ్రీజు సెక్కు సెదరలేదు! అల్లుడంటే నువ్వు బాబూ!" అని కొర్లయ్య పొంగిపోయాడు. దివ్య ఎక్కి ఒక్క తొక్కు తొక్కి వీధి మలుపు దాటింది. దాని నవ్వు ఇక్కడికి వినిపించింది. త్రినాధరావు గేటు పక్కనే చతికిలబడి హమ్మయ్య అని ఊపిరి వదిలాడు.

కొర్లయ్య వేలికంటిన జిగురుని ఊరికే వాసన చూసి, ఆపైన నాలిక్కి రాసుకున్నాడు.

"ఇదేటి అల్లుడూ, ఈ గ్రీజు తియ్యగుంది? ఎక్కడిదిది?"

"మీరు పంపించిందే మామగారూ," అన్నాడు త్రినాధరావు.

ఆ సైకిల్ గురించి ఇన్నేళ్ళలో అతను మామగారికి చెప్పిన మొదటి నిజం అదే.