టైటస్ పెట్టె మూత

ఆ రోజుకు టైటస్ వేసుకున్న పథకం చాలా సులువైనది: పొద్దుగూకే దాకా ఏమీ చేయకుండా కూర్చోవడం. అల్లూరు రోడ్డు పక్కన కొత్తగా వేసిన రేకుల షెడ్డులో, బీరువాను పడుకోబెట్టినట్టున్న ఉక్కు పెట్టె ఒకటుంది. అందులో రెండు రోలర్లు చల్లబడుతున్నాయి. రొయ్యల మేత ఫ్యాక్టరీలో పిండిని నొక్కి గుళికలు చేసే రోలర్లవి. ద్రవ నైట్రోజన్‌తో వాటిని మెల్లమెల్లగా, ఐసు కూడా వెచ్చగా అనిపించేంత చలికి దించి, మళ్ళీ మెల్లమెల్లగా పైకి తెస్తే ఉక్కు గట్టిపడి, చాలాకాలం అరగకుండా పనిచేస్తుంది. మధ్యలో మూత తీస్తే మాత్రం పగుళ్ళిస్తుంది. అవి ఫ్యాక్టరీ యజమాని నరేంద్రబాబువి. టైటస్‌కు దొరికిన మొదటి పని. ఇది చెడిందంటే షెడ్డుకు తాళం వేసి మళ్ళీ చెన్నైలో ఉద్యోగం వెతుక్కోవలసిందే.

"రేపటిదాకా దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు," అన్నాడు భార్య అబిగయీలుతో.

"ఎవురు ముట్టుకుంటారు? షెడ్డు తెరిచినకాడ్నించి ఈగ కూడా రాలేదే!" అందామె.

ఆ మాట పూర్తికాకముందే మధుబాబు బైకు వచ్చి ఆగింది. పక్కనే అతనికి రొయ్యల గుంటలున్నాయి. ఆ ఉదయమే పట్టుబడి, అంటే గుంటల్లో వలలేసి రొయ్యలు పట్టి అమ్మే రోజు. షెడ్డు గోడలోంచి బయటికి వచ్చిన గొట్టం గుప్పుగుప్పున తెల్లటి పొగ వదులుతోంది.

"ఏందన్నా, లోపల అంత చల్లంగా ఏం పెట్టినావు?"

"రోలర్లు."

మధుబాబు పగలబడి నవ్వాడు. అల్లూరు వైపు పుట్టి పెరిగినవాడికి చల్లటి పెట్టె అంటే ఒకటే అర్థం: రొయ్యలు దాచేది. "ఇనుముకి ఉక్కపోస్తా ఉందా? ఎవురివన్నా అవి?"

"నరేంద్రబాబు గారివి. రేపటిదాకా బయటికి తియ్యను. ఇయ్యాల తీస్తే మొత్తం పోతాయి."

మధుబాబు నవ్వు ఠక్కున ఆగిపోయింది. నరేంద్రబాబుకూ సొంత గుంటలున్నాయి. రొయ్యల రేటు ఎప్పుడు లేస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఊరంతా నమ్మకం. అంతటి మనిషి పెట్టెలో సరుకు దాచి రేపు తీయిస్తున్నాడంటే, రేపు రేటు లేస్తుందన్నమాటే! మధుబాబు అక్కడికక్కడే ఫోన్ తీసి, "వలలు ఎత్తేయండిరా! ఇయ్యాల పట్టొద్దు!" అని కేక పెట్టాడు. టైటస్ "అది కాదబ్బయ్యా" అనేలోపు బైకు కనుచూపు మేరలో లేదు.

టిఫిన్ల వేళ దాటేసరికి చుట్టుపక్కల ఒక్క గుంటలోనూ వల పడలేదు. ఐసు నింపుకొని వచ్చిన లారీలు రోడ్డు మీద వరసగా నిలబడి నీళ్ళు కారుస్తున్నాయి. రైతులంతా షెడ్డు ముందు చేరారు. చిన్న గుంట చేసుకునే మాలకొండమ్మ ఏకంగా బకెట్టు నిండా రొయ్యలు తెచ్చింది.

"నాయనా, ఇయ్యి కూడా ఒక మూలన పెట్టు. రేపు ఆయన వాటితోపాటు అమ్ముకుంటా."

"పెద్దమ్మా, లోపల ఉండేది ఇనుము!"

"ఇనుమైతే ఇంకా మంచిది. నా రొయ్యల్ని తినదు గదా."

ఇంతలో రొయ్యలు కొనే జీవానందం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి లారీలు నింపి పంపకపోతే ఎగుమతి కంపెనీవాళ్ళు ఆయన్ను బతకనివ్వరు. "మూత తియ్! లోపల రొయ్యల్లేవని అందురూ చూస్తారు!" అంటూ పెట్టె మీదికి ఉరికాడు.

టైటస్ ఒక్క గెంతులో పెట్టె ఎక్కి మూత మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. "నన్ను దించి తియ్యండి చూస్తా!" అన్నాడు. అతను అలా కూర్చోవడంతో జనానికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. లోపల ఉన్నవి రొయ్యలే!

అప్పుడే నరేంద్రబాబు కారు వచ్చింది. టైటస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. "సార్, మీరే చెప్పండి లోపల ఏముండాయో!"

"నా రోలర్లు," అన్నాడాయన.

జనం గొల్లున నవ్వారు. "చెప్పక? రొయ్యలని చెప్తాడా!"

ఆ నవ్వు విని నరేంద్రబాబు మనసులో పురుగు తొలిచింది. ఊరు ఊరంతా ఊరికే అంటుందా? పెట్టె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నిజం చెప్పు టైటస్. నా రోలర్లు యాడన్నా పడేసి, ఎవురి రొయ్యలు పెట్టినావు?" అన్నాడు.

టైటస్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. "సార్, దేవుని తోడు..."

"దిగు. నా వస్తువు నేను చూసుకుంటా!" నరేంద్రబాబు గడియ మీద చెయ్యి వేశాడు. టైటస్ కళ్ళు మూసుకున్నాడు.

నరేంద్రబాబు స్వయంగా పెట్టె తెరవబోవడం చూసి జీవానందానికి ముచ్చెమటలు పోశాయి. అంటే లోపల నిజంగానే రొయ్యలున్నాయి! అవి బయటపడితే రేపటిదాకా ఎవరూ వల వెయ్యరు, బేరం ఇంక తన చేతిలో ఉండదు. "ఆగండి! రేటు నేనే పెంచినా! ఎవురు ముందు పడితే వాళ్ళకే!" అని అరిచాడు.

అంతే, గుంటల వైపు మొదలైన పరుగులో ఎవరి చెప్పులు ఎవరివో తెలియలేదు. నరేంద్రబాబు చెయ్యి గడియ మీద నుంచి ఫోన్ మీదికి మారింది. "ఒరేయ్, మన గుంటల్లో వలలెయ్యండి! బిన్నా, ఆలస్యం చెయ్యొద్దు!" అంటూ ఆయన కూడా కారెక్కేశాడు.

"ఇంక దిగయ్యా, కాఫీ తాగుదువు," అంది అబిగయీలు.

"ఇక్కడికే తీసకరా," అన్నాడు టైటస్.

మర్నాడు రోలర్లు ఒక్క పగులు లేకుండా బయటికొచ్చాయి. స్పానరుతో తడితే ఖంగుమన్నాయి. టైటస్ ఆనందం పట్టలేక అబిగయీలును పిలిచి మళ్ళీ మళ్ళీ తట్టి వినిపించాడు. ఆ మధ్యాహ్నమే నరేంద్రబాబు ఫ్యాక్టరీలో ఉన్న మిగతా రోలర్లన్నీ లారీలో వేసుకుని దిగాడు.

"ఇయ్యన్నీ నీకే టైటస్. తొందరేం లేదు. మళ్ళా మా పట్టుబడి రోజున పెట్టు. పొగ మాత్రం కొంచెం జాస్తిగా రానీ."

తయారైన రోలర్లు తీసుకెళ్ళడం ఆయన మరిచిపోయాడు.