కాలరు ముక్క మీద పున్నమి

ఆ ఆదివారం ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి ఆఫీసరుగారి జీపు వస్తుంది. గుమాస్తా ఆయన్ని చెరువు దగ్గరికి తీసుకెళతాడు. ఆయన గాలానికి కనీసం మూడు చేపలు పడతాయి. ఆయన మనసు వెన్నలా కరుగుతుంది. సోమవారం వచ్చే బదిలీల జాబితాలోంచి గుమాస్తా పేరు ఎగిరిపోతుంది.

చేపలను తప్ప అందరినీ అడిగి వేసిన పథకం ఇది అనుకుంది గుమాస్తా భార్య. పైకి అనలేదు. ఆమె దర్జీ. ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు, గోడకి ఒక బోర్డు, బల్ల మీద నలభై స్కూలు చొక్కాల గుడ్డ. ఆరేళ్ళు కిందామీదా పడితే ఇప్పటికి వీధి వీధంతా ఆమె చేతి కొలతకి అలవాటు పడింది. బదిలీ అయితే గుమాస్తాకి మారేది కుర్చీ ఒక్కటే. ఆమె మాత్రం కొత్త ఊళ్ళో మళ్ళీ చిరుగులు కుట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

గుమాస్తాది నీటిపారుదల ఆఫీసు. చెరువులో పాతిన గేజీ స్తంభం మీద నీటిమట్టం రోజూ పొద్దున్నే చూసి రిజిస్టరులో రాయడం అతని ఉద్యోగం. గాలం వెయ్యడం అతని విద్య. పున్నమికి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులే చేప గాలానికి పడుతుందని, మిగతా రోజుల్లో నోరే తెరవదని అతని సిద్ధాంతం. ఏడేళ్ళుగా దానికో నోటుబుక్కు పెట్టాడు. ఆఫీసులో అందరూ అతన్ని పున్నమి గుమాస్తా అనేవారు. అది బిరుదనుకుని అతను మురిసిపోయేవాడు.

ఆ నోటుబుక్కును అతని భార్య ఒక్కసారే తిరగేసింది. పున్నమి రోజుల్లో ఒకటి, రెండు, ఒకటి అని ఉంది. మిగతా రోజుల్లో వరసగా సున్నాలు. ఆ సున్నాల రోజుల్లో మొగుడు ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు. ఎదురుగా కుర్చీలో కాళ్ళు చాపుకుని, టీ తాగుతూ, చేపల సున్నాతో పాటు ఆఫీసు రిజిస్టరులో "మార్పు లేదు" అని కూడా రాసుకుంటూ ఉండేవాడు. "చూడకుండా రాస్తారేమండీ?" అని ఒకసారి అడిగితే, "నీళ్ళకి కాళ్ళున్నాయా, లేచి పోవడానికి?" అన్నాడు.

ఆరూ పది అయింది. గుమాస్తా వానపాముల డబ్బాకి మూత బిగిస్తున్నాడు. ఆమె కాలరు కత్తిరించడానికి కాగితం నమూనా తీసి గుడ్డ మీద పరిచింది. పాత క్యాలెండరు పేజీలతోనే ఆమె నమూనాలు చేస్తుంది. ఆ ముక్క వెనక అచ్చులో "14 ఆదివారం" అని ఇవాళ్టి తేదీ కనిపించింది. తలెత్తి గోడ చూసింది. గోడ మీది క్యాలెండరులో పద్నాలుగు శనివారం.

ఆమెకి విషయం అర్థమైంది. ఒకే మేకుకి రెండు క్యాలెండర్లు ఉండేవి, ముందు ఈ ఏడాదిది, వెనక నిరుటిది. వెనకదాన్ని చించబోయి ముందున్నదాన్ని చించేసింది. మొగుడు నెలంతా నిరుటి చంద్రుణ్ణి నమ్ముకున్నాడు.

"ఏమండీ, ఇవాళ పున్నమి కాదండీ."

"నీకేం తెలుసే? గోడ మీద గుండ్రంగా అంత బొమ్మ ఉంటేనూ!"

"అది నిరుటిదండీ. ఇదిగో, ఈ ఏటి పున్నమి ఈ కాలరు ముక్క మీదుంది. మూడో తారీఖునే అయిపోయింది. ఇంకో నాలుగు రోజుల్లో అమావాస్య."

గుమాస్తా పరుగున వచ్చి ఆ ముక్క లాక్కుని చూశాడు. చంద్రుడి మీద ఏడేళ్ళు పరిశోధన చేసిన మనిషి ఆ నెలలో ఒక్క రాత్రయినా తలెత్తి ఆకాశం చూడలేదు. గోడ ఉండగా ఆకాశం ఎందుకన్నది అతని పద్ధతి.

"నా కొంప ముంచావు! ఇవాళ ఒక్క చేపా పడదు. ఆయన ముందు నా పరువేం కాను?"

"పొరబాటైందని చెప్పండి. ఇంకోసారి వెళదురుగాని."

"చెప్పనా? ఏడేళ్ళ పరిశోధన చొక్కా కాలరు పాలైందని చెప్పనా?"

బయట హారను మోగింది. ఆఫీసరుగారు తలకి టోపీ, చేతిలో కొత్త గాలపుకర్ర, ముఖాన పసిపిల్లాడి సంబరం పెట్టుకుని దిగారు. గుమాస్తా ఎదురెళ్ళి, నోటికొచ్చింది అనేశాడు.

"సార్, ఇవాళ చెరువుకి వద్దు సార్. రాత్రికి రాత్రి నీళ్ళు రెండడుగులు పెరిగాయి. ప్రమాదం."

వేరే శాఖ ఆఫీసరైతే అయ్యో అని వెనక్కి తిరిగేవాడు. ఈయనది నీళ్ళ శాఖ.

"రెండడుగులా? చుక్క వాన లేందే? అయితే పైచెరువు గట్టు తెగిందన్నమాటే!" అంటూ ఆయన అక్కడికక్కడే ఫోను తీశారు. ఎనిమిదిమందిని ఇసుక బస్తాలతో రమ్మన్నారు. "రిజిస్టరేదయ్యా?"

రిజిస్టరు కుట్టుమిషను మీద ఉంది. ఆమె దానిమీది దారపు రీళ్ళు తీసి తెచ్చి ఇచ్చింది. "ఆఫీసు రిజిస్టరుకి ఇంట్లో ఏం పనమ్మా?" అన్నారాయన.

గుమాస్తా ఆమె చెవిలో గొణిగాడు. "నువ్వూ జీపెక్కు. ఆడమనిషి ఎదురుగా ఉంటే కాస్త తగ్గి తిడతాడు."

చెరువు ప్రశాంతంగా ఉంది. గట్టు తెగలేదు సరికదా, నీళ్ళే బాగా లోపలికి పోయి ఉన్నాయి. గేజీ స్తంభం ఒడ్డున ఎండిన బురదలో నిలబడి ఉంది. దాని నిండా తీగ అల్లుకుంది. అంకెలుండాల్సిన చోట కందిరీగల గూడు ఉంది. ఇసుక బస్తాలు మోసుకొచ్చిన ఎనిమిదిమందీ ఎక్కడ వెయ్యాలో తెలియక, వాటిని దించి వాటిమీదే కూర్చున్నారు.

"రెండడుగులు ఎక్కడ పెరిగాయయ్యా?"

"చూస్తున్నాను సార్, అంకె కనిపించడం లేదు సార్," అంటూ గుమాస్తా తీగ లాగాడు. కందిరీగలు ఊరుకోలేదు.

అతను గట్టంతా పరిగెత్తి వచ్చేలోపు ఆఫీసరుగారు, వచ్చినందుకు ఉట్టిచేతులతో పోవడమెందుకని గాలం వేశారు. బెండు బుడుంగున మునిగింది. చేప. ఎర గుచ్చి మళ్ళీ వేశారు. ఇంకో చేప. మూడోది మోచెయ్యంత ఉంది. బస్తాల మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే గుమాస్తా గట్టెక్కేవాడు. వాచిన పెదవితో ముందుకొచ్చాడు.

"సార్, ఇవి లెక్కలోకి రావు సార్."

"ఏమిటి రానిది?"

"ఈ చేపలు సార్. ఇవాళ చేప పడే రోజు కాదు. ఇవి పొరబాటున పడ్డాయి." రుజువు కోసం నోటుబుక్కు విప్పి చూపించాడు.

ఆఫీసరుగారు పేజీ తిప్పారు. "ఈ సున్నాలేమిటి?"

"పడని రోజులు సార్."

"ఆ రోజుల్లో ఎంతసేపు కూర్చున్నావు?"

"కూర్చోలేదు సార్. పడని రోజున ఎవరైనా కూర్చుంటారా?"

"కూర్చోకుండా పడవని ఎలా తెలిసిందయ్యా?"

"సున్నాలున్నాయి కద సార్!"

ఆఫీసరుగారు ఆఫీసు రిజిస్టరు పక్కన పెట్టుకుని విప్పారు. సున్నా ఉన్న ప్రతి రోజూ ఇక్కడ "మార్పు లేదు". పున్నమి నాడు మాత్రం "రెండంగుళాలు పెరిగినది". చంద్రుడు లాగుతాడు కాబట్టి లాగే ఉంటాడని రాసేశాడు. ఇవాళ్టిది నింపి ఉంది. రేపటిదీ నింపే ఉంది.

"రేపు కూడా మార్పు లేదుటయ్యా?" ఆఫీసరుగారి గొంతు చెరువు అవతలి గట్టుకి తగిలి వచ్చింది. "ఎందుకు లేదు, ఉంది! జాబితాలో నీ పేరు చివర్న ఉంది, మొదటికి తెస్తాను. మ్యాపు చివర ఏ ఊరుంటే ఆ ఊరికి పో!"

గుమాస్తా కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాడు. అతని భార్యకి మాత్రం కళ్ళముందు రెండు మిషన్లు లారీ ఎక్కుతున్నట్టు కనిపించింది. ఆమె జీపెక్కినప్పట్నుంచీ అన్నీ చూస్తూనే ఉంది. ఇప్పుడూ రిజిస్టరే చూసింది. ప్రతి పేజీ కిందా ఎర్రసిరాతో "స్వయంగా సరిచూశాను" అని రాసి, తోక తిరిగిన ఒక సంతకం ఉంది.

"సార్, ఒక్క మాట," అంది మెల్లగా. "ఈయన వెళ్ళిపోతే, కొత్తగా వచ్చే ఆయన చేతికి ఈ రిజిస్టరు ఇవ్వాలాండీ?"

"ఇవ్వక? మొదటిరోజే అప్పగించాలి."

"ఆయన అన్ని పేజీలూ చూస్తారాండీ? కిందదాకా?"

ఆఫీసరుగారు పేజీ కిందదాకా చూశారు. ముందు పేజీ చూశారు. దాని ముందుదీ చూశారు. తరవాత తేలు కుట్టిన దొంగలా కాసేపు చెరువు వైపు చూశారు.

"బదిలీ అంటే అంత తొందరేం లేదులే," అన్నారు టోపీ సర్దుకుంటూ. "తప్పు చేసినవాణ్ణి మన కళ్ళముందే పెట్టుకుని బాగుచెయ్యాలి. అదీ పద్ధతి. ఏమయ్యా, రేపట్నుంచి రోజూ ఆరింటికి వచ్చి గేజీ చూడు. ముందు దాన్ని నీళ్ళలో పాతించు."

సోమవారం జాబితా వచ్చింది. గుమాస్తా పేరు లేదు. అతను పున్నమీ అమావాస్యా తేడా లేకుండా రోజూ తెల్లారకుండానే చెరువు గట్టుకి పోతున్నాడు. గాలం మాత్రం వెయ్యడం లేదు, రోజూ వేస్తే సిద్ధాంతం చెడుతుందని.

నెల తిరక్కుండా ఆఫీసరుగారు జీపు డ్రైవరును పంపారు. అమావాస్యకి నాలుగు రోజుల ముందే చేపలు పడతాయని ఆయన కనిపెట్టారట, దానికో నోటుబుక్కు మొదలుపెట్టారట, అమావాస్యలు చూసుకోవడానికి వీళ్ళింట్లోని ఈ ఏటి క్యాలెండరు ఒకసారి ఇమ్మన్నారట.

ఆమె మిషను ఆపకుండానే, పన్నెండు నెలలూ చొక్కాలకి సరిపోయాయని చెప్పి పంపింది.