అంతరంగం దాఖలు

"ప్రతి ఉన్నతాధికారికీ ఒక అంతరంగం ఉండవలెను. ఇంతవరకు లేనివారు ఈ నెలాఖరులోగా ఏర్పాటు చేసుకొని శాఖ వెబ్‌సైటులో దాఖలు పరచవలెను."

మా తూనికలు, కొలతల శాఖ కమిషనరు జారీ చేసిన సర్క్యులర్‌లో ఇది మొదటి పేరా. జనం మమ్మల్ని మనుషులుగా చూడటం లేదని ఎవరో సర్వే చేసి తేల్చారట. అందుకని ప్రతి అధికారీ తన పేరు మీద ఒక పేజీ తెరిచి, ప్రయాణాలు, కళలు, ఇంటర్నెట్ హాస్యం, ఫుట్‌బాల్, విఫల ప్రేమ అనే అయిదు శీర్షికల కింద మనసు విప్పాలి. ఫుట్‌బాల్ ఎందుకంటే కమిషనరుకు ఇష్టం కాబట్టి. విఫల ప్రేమ ఎందుకో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ప్రేమ విఫలం కానివారు "వర్తించదు" అని రాయరాదని కింద గమనిక మాత్రం ఉంది. అందరికంటే బాగా విప్పినవారిని జాయింట్ డైరెక్టరు పదవికి పరిశీలిస్తారు.

మా బావగారు, అంటే నా భార్యకు అన్నగారు, ఆ శాఖలో డిప్యూటీ డైరెక్టరు. నేను ఆయన కింద గుమాస్తాను. ఇంట్లో నన్ను "బావా" అంటారు, ఆఫీసులో "ఏమయ్యా" అంటారు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఈ రెండూ తారుమారు కాలేదు. ఆయన అంత కచ్చితమైన మనిషి. పెళ్లిచూపులలాంటి ముచ్చటతో త్రాసును చూస్తారు. అబద్ధమాడిన త్రాసును ఆయన జన్మలో క్షమించలేదు.

సర్క్యులర్ వచ్చిన మూడోరోజున తను స్వయంగా రాసిన అంతరంగం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ప్రయాణాల కింద ఇలా ఉంది: "సముద్రతీరమునకు వెళ్లితిని. అచ్చటి చేపల దుకాణములో కిలోకు నలభై గ్రాములు తక్కువ తూగినది. తిరిగి వచ్చితిని." కళల కింద: "చిత్ర ప్రదర్శన చూచితిని. మూడవ చిత్రము కేటలాగులో చెప్పిన దానికంటె రెండు సెంటీమీటర్లు పొట్టి." ఫుట్‌బాల్ కింద బంతి చుట్టుకొలత సరిగానే ఉన్నదని ధ్రువీకరించారు. విఫల ప్రేమ కింద, "ఆలోచించుచున్నాను" అని ఉంది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇది అంతరంగం కాదండీ, తనిఖీ రిపోర్టు అన్నాను. ఆయన ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశారు. తరువాత నా కుర్చీ పక్కకు కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి, "బావా" అన్నారు. ఆఫీసులో ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆయన అంతరంగం రాయాల్సింది నేనేనని అప్పుడే అర్థమైంది.

రాశాను. పళ్ల డాక్టరు వరండాలో వేలాడే క్యాలెండరులో నేను చూసిన కొండల మీద బావగారు మంచులో నడిచారు. గ్యాలరీలో ఖాళీగా ఉన్న తెల్లటి కాన్వాసు ముందు గంటసేపు నిలబడి, అందులో తన బాల్యాన్ని చూసుకున్నారు. హాస్యం కోసం ఒక పిల్లి బొమ్మ పెట్టాను. తూకం యంత్రం మీద కూర్చుని అది, "నేను లావెక్కలేదు, భూమ్యాకర్షణ పెరిగింది" అంటుంది. బావగారు దాన్ని రెండుసార్లు చదివి, ఇందులో నవ్వవలసిన చోటు ఏదని అడిగారు. చూపించాను. భూమ్యాకర్షణ ఊరూరికీ మారినా అరశాతం మించదని, ఆ సంగతి కింద వివరణగా ఇస్తే బాగుంటుందని సూచించారు. బతిమాలి ఆపాను. ఫుట్‌బాల్ మాత్రం నా సొంత సరుకు. అందులో అబద్ధం లేదు.

విఫల ప్రేమ దగ్గర చిక్కొచ్చింది. తను ప్రేమించింది ఒక్క మనిషినేననీ, ఆవిడనే పెళ్లి చేసుకున్నాననీ, ఈ శీర్షిక దృష్ట్యా చూస్తే అది తన లోపమేననీ బావగారు ఒప్పుకున్నారు. చేసేదిలేక నాది ఇచ్చేశాను.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. మా కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆమె గోల్‌కీపరు. గ్లోవ్స్ ఊడిపోకుండా బూట్ల లేసులతో కట్టుకునేది. ఆమె ఆటకోసం నేను మూడేళ్లు సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. ఇదంతా రాశాను. ఆమె తండ్రి మూసిన గేటులాంటి మనిషని రాశాను. ఆ గేటు బయట వానలో తడుస్తూ నిలబడ్డాననీ, విధి మమ్మల్ని విడదీసిందనీ రాశాను. రాస్తూ నాకే కళ్లు తడిశాయి.

నెల తిరిగేసరికి ఆ పేజీని పదకొండు వేలమంది చదివారు. నా భార్య ఉబ్బిన కళ్లతో వంటింట్లోంచి వచ్చి, "అన్నయ్య ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదు చూశారా" అంది. కాస్త ఆగి, "మీరూ ఉన్నారు, ఏనాడైనా ఇలాంటి వాక్యం ఒక్కటి రాశారా" అని కూడా అడిగింది. రాయలేదని ఒప్పుకున్నాను.

బావగారి భార్య అయితే ఆయనకు పేపరు ముందు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో పేపరు మొదట చదివేది ఆవిడే. పక్క సెక్షనువాళ్లు ఆయన గది ముందునుంచి నడిచేటప్పుడు అడుగుల చప్పుడు తగ్గించారు. మెల్లగా ఆయనా నమ్మడం మొదలుపెట్టారు. ఫైలు మీద సంతకం చేస్తూ మధ్యలో నిట్టూర్చేవారు. ఒకరోజు నన్ను పిలిచి, అప్పుడు పడింది వాన కాదనీ, చినుకులేననీ సరిదిద్దారు. నా ప్రేమకు లోకమంతా కన్నీళ్లు పెడుతుంటే పరామర్శలన్నీ ఆయన అందుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఫలితాలు ప్రకటించడానికి శాఖ సమావేశ మందిరంలో సభ పెట్టారు. కుటుంబాలతో రమ్మన్నారు. కార్యక్రమ పత్రంలో ఆరో అంశాన్ని రెండుసార్లు చదివాను: "విడిపోయినవారి కలయిక (పది నిమిషాలు)". ఆ గోల్‌కీపరు ఆ పేజీ చదివి, అందులో ఉన్నది తనేనని కమిషనరుకు ఉత్తరం రాసిందట. ఆయన మురిసిపోయి బావగారికి కూడా చెప్పకుండా ఆమెను పిలిపించారు.

ఆరో అంశం రానే వచ్చింది. ఆమె వేదికెక్కింది. ముందు వైపు జుట్టు నెరిసింది, భుజాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆటల శిక్షకురాలట. ఫొటోల కోసం బావగారిని ఎదురుగా నిలబెట్టారు. ఆమె ఆయన్ని మర్యాదగా చూసి, "ఈయన కాదండీ" అంది.

కమిషనరు మైకు చేత్తో మూసి, వయసు మీదపడింది కదా, ఇంకోసారి చూడమన్నారు. వయసు తనమీదా పడిందనీ, అయినా ఈయన కాదనీ ఆమె చెప్పింది.

బావగారు ముందు తన భార్య వైపు చూశారు. తరువాత మైకు తీసుకున్నారు. అప్పుడు ఆయన ముఖంలో, దుకాణంలో తప్పుడు త్రాసు దొరికినప్పుడు కనిపించే కాఠిన్యమే కనిపించింది. కాకపోతే ఈసారి దొరికింది ఆయనే.

"ఆ పేజీ నాది కాదు. నాలుగో వరసలో కూర్చున్న మా బావ రాశారు. ఆ ప్రేమా ఆయనదే. నేను తప్పుడు తూకం వేశాను" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆనందమేసింది. పక్కన నా భార్య నా మోచెయ్యి వదిలేసిందన్న సంగతి కూడా గమనించలేదు. ఇన్నాళ్లకు నా దుఃఖం నా పేరుకొచ్చింది. దానికి తగిన ముఖం పెట్టుకుని, బరువుగా అడుగులు వేస్తూ వేదికెక్కాను.

"బాగున్నావా" అంది ఆమె. "కథ బాగా రాశావు. నాకూ ఏడుపొచ్చింది. ఒక్కటి సరిచేద్దామని వచ్చాను. మా నాన్న గేటు వెయ్యలేదు."

నేను ఏదో అనబోయాను.

"ఆ ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నీకోసం కూర్చున్నాడు. పదింటికొచ్చి ఆయనతో పెళ్లిమాట మాట్లాడతానన్నావు. రెండింటిదాకా చూసి, లేచి చొక్కా విప్పేశాడు. ఒక్క మాట అనలేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పదకొండు వేలమంది ఆయన్ని రాక్షసుడనుకుంటున్నారు. ఆ వాక్యం తీసెయ్."

తీసేస్తానన్నాను. ఆమె దిగిపోబోయి ఆగి, ఇంతకీ ఎందుకు రాలేదని అడిగింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మైకు మా ఇద్దరి మధ్యే ఉంది.

ఆ ఆదివారం పది గంటలకు నేను మిత్రుడి గదిలో టీవీ ముందున్నాను. సగం ఆట చూసి వెళదామనుకున్నాను. సగమయ్యాక, మొత్తం చూసి వెళదామనుకున్నాను. ఆట అయ్యేసరికి ఆలస్యమైంది, సిగ్గేసింది. పై ఆదివారానికి ఆ సిగ్గు ఇంకా పెరిగింది. అలా పెరిగి పెరిగి ఎప్పుడు విధిగా మారిందో నాకే తెలియదు. వానొక్కటీ తరువాత నేను కలిపింది.

"మ్యాచ్ ఉండింది" అన్నాను.

"ఎవరు గెలిచారు?"

"సున్నా, సున్నా."

ఆమె తల పంకించింది. "కీపర్లు బాగా ఆడుంటారు" అని, నాలుగింటికి పిల్లల ప్రాక్టీసు ఉందంటూ వెళ్లిపోయింది. మందిరంలో ఎవరో నవ్వారు. ఆ తరువాత అందరూ నవ్వారు.

ఆ సాయంత్రమే బావగారు నేను రాసినదంతా తీసేసి, తన అసలు అంతరంగాన్ని దాఖలు చేశారు. దాన్ని ముప్ఫై ఎనిమిది మంది చదివారు. చేపల దుకాణంవాడు త్రాసు మార్చాడట. నేను గోల్‌కీపరు తండ్రికి క్షమాపణ రాసి నా పేరుతో పెట్టాను, దాన్ని ఎంతమంది చదివారో చూడలేదు. జాయింట్ డైరెక్టరు పదవి, తన విఫల ప్రేమ ఈ శాఖేనని రాసిన మరో అధికారికి దక్కింది. వారం తిరక్కుండా కమిషనరు మరో సర్క్యులర్ ఇచ్చారు: "ఇకపై అంతరంగములు నిజమైనవిగా ఉండనవసరము లేదు. ఫిర్యాదులు రానివిగా ఉండిన చాలును." అనుభవజ్ఞుణ్ని కాబట్టి దాని ముసాయిదా నాచేతే రాయించారు.

సభరోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భార్య టిక్కెట్లు తనే తీసుకుంది. అయిదో స్టాపు దగ్గర అడిగింది.

"నన్ను మొదటిసారి చూడ్డానికి మా ఇంటికొచ్చారే, అదీ ఆదివారమే. ఆరోజు మ్యాచ్ లేదా?"

నెలరోజులుగా అబద్ధాలు రాసి అలిసిపోయి ఉన్నాను. ఇంకొకటి అల్లే ఓపిక లేకపోయింది.

"ఉండింది. గ్రౌండులో నీళ్లు నిలిచాయని వాయిదా వేశారు."

బస్సు మా వీధి మలుపు తిరిగాక సంచీ సర్దుకుంటూ, నావైపు తిరక్కుండానే ఆమె అంది.

"ఆ వాయిదా వేసినవాడెవడో కాస్త అడ్రసు కనుక్కోండి."