గుండప్ప పైపళ్ళు

గురువారం పొద్దున కృష్ణవేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బిడ్డకు స్నానం, తొమ్మిదింటికి రాగిజావ, పదింటికి నిద్ర. వాడు నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊరికే చూడటం. ఈ చివరి పనికి ఆమె ఏకంగా మూడు గంటలు కేటాయించింది.

బిడ్డ ఆమె బిడ్డ కాదు. భర్త కిషోర్ అక్క కుమారి కొడుకు. ఏడు నెలలవాడు. ఆధార్ కార్డులో పేరు దక్షిత్, ఆకారాన్ని బట్టి అందరూ పిలిచేది గుండప్ప. పుంగనూరులో కాపురముండే కుమారికి బి.ఎడ్. పరీక్షల సెంటరు పుట్టిల్లున్న మదనపల్లెలో పడింది. బిడ్డను అక్కడే వదిలి వద్దామంటే అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఈ బరువు ఎత్తలేదు. పుట్టింట్లో తల్లి శ్యామలమ్మ చూసుకుంటుందనుకుంటే, ఆమె కుప్పంలో తన అక్క రెడ్డెమ్మ కొత్త ఇంటికి పాలు పొంగించడానికి వెళ్ళింది. ఇక మిగిలింది, పెళ్ళై నాలుగు నెలలైన కృష్ణవేణి.

"మూడు పేపర్లకూ నువ్వే దిక్కమ్మా. ఈ తూరి కూడా రాయకుంటే మా ఇంట్లో ఇంక రాయనీరు," అంటూ కుమారి బిడ్డను చేతికిచ్చింది.

"నువ్వు నిశ్చింతగా పో వదినా. నేను లేనా?" అంది కృష్ణవేణి. ఆమె ఎం.ఎస్సీ. చదివింది. పసిపిల్లల పెంపకం మీద వారం రోజుల్లో నలభై వీడియోలు చూసింది. ఇంతకన్నా ఏం కావాలి?

కుప్పం నుంచి శ్యామలమ్మ ఫోన్లో పెట్టిన షరతు ఒక్కటే. "బిడ్డ మొకం ఫోటో మనోళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దమ్మా. దిష్టి తగులుతాది."

స్నానం బ్రహ్మాండంగా జరిగింది. బిడ్డ కన్నా కృష్ణవేణే ఎక్కువ తడిసింది. సాంబ్రాణి పొగ వేసి, కాళ్ళు చాపుకుని, వాణ్ణి తొడల మీద పడుకోబెట్టింది. తల తన పొట్టవైపు, పాదాలు మోకాళ్ళవైపు. పైనుంచి వంగి "బుర్ర్" అని శబ్దం చేసింది. గుండప్ప తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వాడు. అప్పుడు కనిపించాయి, రెండు నూకగింజలంత తెల్లటి పళ్ళు.

కృష్ణవేణి వేసిన కేకకు పక్కింటి మున్నీ ప్రహరీగోడ మీద నుంచి తొంగిచూసింది. వాడి నోరు మూతపడేలోపు కృష్ణవేణి టపటపా ఫోటోలు తీసింది. గ్రూపులో పెట్టబోతుంటే అత్తగారి షరతు గుర్తొచ్చింది. కళ్ళు, ముక్కు, గడ్డం అన్నీ కత్తిరించేసి నోరు ఒక్కటే మిగిల్చింది. దిష్టి తగలదు, ముచ్చటా తీరుతుంది. తన తెలివికి తానే మురిసిపోతూ కింద రాసింది: "గుండప్పకు పళ్ళొచ్చేశాయ్! మొదట చూసింది నేనే!"

రెండు నిమిషాలకు ఫోను మోగింది. అవతల రెడ్డెమ్మ.

"ఏమ్మా, ఆ పండ్లు పైన వచ్చిండాయా, కింద వచ్చిండాయా?"

"యాడైతే ఏం పెద్దత్తా, ముత్యాల మాదిరి ఉండాయి."

"అడిగినదానికి చెప్పమ్మా."

కృష్ణవేణి బిడ్డ నోట్లోకి చూడబోయింది. గుండప్ప పెదాలు బిగించేశాడు. గిలక్కాయ ఊపింది, రాగిజావ చూపించింది, తానే పళ్ళికిలించి చూపించింది. వాడు ఆమెను జాలిగా చూశాడే తప్ప నోరు తెరవలేదు. సరే, ఫోటో ఉందిగా. చూసింది. పళ్ళు రెండూ పైనే ఉన్నాయి.

"పైన్నే పెద్దత్తా!" అంది గర్వంగా.

అవతల ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత శ్యామలమ్మ గొంతు. "అయ్యో నా కొడుకా!"

మేనల్లుడి పళ్ళకు అత్త తన కొడుకు కిషోర్ కోసం ఎందుకు ఏడ్చిందో కృష్ణవేణికి అర్థంకాలేదు. రెడ్డెమ్మ వివరించింది. "పైపండ్లు ముందొస్తే మేనమామకు గండం. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండకూడదు. కుమారి వస్తానే బిడ్డను పుంగనూరు పంపించెయ్. ఏడాది నిండేదాకా ఆ గడప తొక్కనీకూడదు."

కృష్ణవేణి బిడ్డను దగ్గరికి లాక్కుంది. వదినకు ఇంకా రెండు పేపర్లున్నాయి. బిడ్డను ఎక్కడ పెట్టి రాస్తుంది? నమ్మి చేతికిచ్చిన మొదటిరోజే ఇలాగా?

"ఏమన్నా దారి చెప్పండి పెద్దత్తా."

రెడ్డెమ్మ ఆలోచించింది. "ఒకటుండాది. ఇత్తడి తట్టలో నువ్వులనూనె పోసి, మేనమామ బిడ్డకు వీపు తిప్పి కూర్చోని, నూనెలో బిడ్డ నీడ సూడాల. ఒకటిన్నరకు రాహుకాలం. అంతలోపల అయిపోవాల. అందాకా మామ బిడ్డ మొకం సూడకూడదు."

ఆ సమయానికి కిషోర్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు. బోర్డు మీద కటకం బొమ్మ వేసి, "ప్రతిబింబం తలకిందులుగా పడుతుంది. కాబట్టి కనిపించిందల్లా నమ్మకండి. ఏ వైపు నుంచి చూస్తున్నామో ముందు అడగండి," అంటుండగా తల్లి ఫోన్ చేసింది.

"బిడ్డకు పైపండ్లొచ్చినాయి నాయనా, ఒకటిన్నరలోపల ఇంటికి పోయి నూనెలో నీడ సూడాల. బండెక్కొద్దు. కరెంటు తీగల కింద నడవద్దు. తల మీద హెల్మెట్టు తియ్యొద్దు."

"అమ్మా, ఇవన్నీ మూఢనమ్మకాలు. నేను ఫిజిక్స్ లెక్చరర్ని," అని కిషోర్ గట్టిగానే చెప్పాడు. తల్లి ఫోటో పంపింది. దాన్ని అర నిమిషం చూశాడు. తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఒకపూట సెలవు అడిగాడు.

బండి కాలేజీలోనే వదిలి, హెల్మెట్ పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచాడు. టమాటా మార్కెట్ దగ్గర వెనక్కి వచ్చే ప్రతి లారీ తన కోసమే వస్తున్నట్టు అనిపించింది.

"సార్, బండి యాడ?" అని టీకొట్టాయన అడిగాడు.

"కాలేజీలో ఉండాది."

"మరి హెల్మెట్టు?"

"ఎండ," అన్నాడు కిషోర్.

ఇంట్లో నువ్వులనూనె లేదు. కృష్ణవేణి గోడ దగ్గరికి పరిగెత్తింది. మున్నీ లీటరు సీసా తెచ్చి, సంగతంతా విని, "అరె, మా ఇంట్లో పళ్ళొస్తే మిఠాయి పంచుతాం తల్లీ. మీరేంది నూనె పోస్తారు?" అంది. కృష్ణవేణి సీసా అందుకుని లోపలికొచ్చింది. పెళ్ళికి కానుకగా వచ్చిన లోతైన ఇత్తడి పళ్ళేనికి ఇంకా అతికించి ఉన్న రిబ్బను పీకి, సీసా మొత్తం అందులో వంపేసింది.

ఒంటిగంటకు గేటు చప్పుడైంది. కిషోర్ వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికొచ్చాడు.

"వచ్చినావా?"

"వస్తాండా. గడప యాడుండాదో చెప్పు."

హెల్మెట్‌తో, వీపు ముందుగా వస్తున్న మొగుణ్ణి చూసి, ఇంత కంగారులోనూ కృష్ణవేణికి ముచ్చటేసింది. కొత్తకాపురం అలాంటిది.

తట్ట ముందు కిషోర్ కూర్చున్నాడు. కుప్పం వీడియో కాల్‌లోకి వచ్చింది. ఫోన్ను గోడకు ఆనించి, కృష్ణవేణి బిడ్డను అతని భుజం మీదుగా తట్టపైకి వంచింది.

"కనిపిస్తాండాడా?" అంది రెడ్డెమ్మ.

"హెల్మెట్ కనిపిస్తాంది పెద్దమ్మా."

"ఇంకొంచెం వంచమ్మా."

వంచింది. మిలమిలా మెరిసే నూనెలో తనలాంటి గుండప్పే ఇంకొకడు కనిపించేసరికి అసలు గుండప్ప ఆగలేకపోయాడు. రెండు చేతులతో వాణ్ణి పలకరించాడు. తట్ట తిరగబడింది. నూనె గదంతా పరుచుకుంది. కిషోర్ ఉలిక్కిపడి లేచాడు, అంటే లేవాలనుకున్నాడు. కాళ్ళు ఒకటి వంటింటివైపు, ఇంకొకటి వీధివైపు వెళ్ళాయి. కుడిచెయ్యి మీద దబ్బున పడ్డాడు. గుండప్ప పుట్టి ఇంతగా ఎప్పుడూ నవ్వలేదు.

అప్పుడే పరీక్ష అట్టతో కుమారి గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిరా ఇది? ఇంట్లో హెల్మెట్టేంది?"

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. కుమారి ఓపిగ్గా విన్నది. నూనెలో పడకుండా గోడ పట్టుకుని వచ్చి, కొడుకు కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగింది.

"ఇవేంది?"

"పళ్ళు," అంది కృష్ణవేణి.

"యాడుండాయి?"

"కింద."

"ఫోటో ఎట్ల తీసినావు?"

"వాడి తల నా పొట్టవైపు పెట్టుకొని, పైనుంచి వంగి..." కృష్ణవేణి ఆగిపోయింది. "అత్త మొకం పెట్టొద్దనింది వదినా. అందుకని నోరు ఒకటే..."

కిషోర్ ఎడమచేత్తో తన ఫోను తీసి, ఆ ఫోటోను తలకిందులుగా తిప్పి చూశాడు; పళ్ళు కిందికొచ్చాయి.

"నువ్వు ఫిజిక్స్ లెక్చరరువి గదా?" అంది కృష్ణవేణి.

"చూసింది నువ్వు గదా?" అన్నాడు కిషోర్ నేల మీద నుంచే.

"ఇవి వచ్చి మూడు దినాలైంది," అంది కుమారి. "చెప్తే పెద్దమ్మ పైనా, కిందా అని మొదలుపెడతాదని, పరీక్షలు అయ్యేదాకా గమ్మునుంటి."

నేల మీద బోర్లాపడిన ఫోనులోంచి రెడ్డెమ్మ గొంతు వినబడింది. "నాకు అంతా ఇనబడతాండాది. అయితే ఒకటి చెప్పండి. మేనమామకు గండం వచ్చిందా, లేదా?"

కిషోర్ మణికట్టు అప్పటికే వంకాయలా వాచింది.

కృష్ణవేణి నూనె చేతులు కొంగుకు తుడుచుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "వదినా, సోమవారం పేపరుకు బిడ్డను ఇంకెవరి దగ్గరన్నా వదులుతావా?"

కుమారి కొడుకువైపు చూసింది. వాడు మామ హెల్మెట్ అందుకోవాలని ఎగురుతూ, ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

"యాల? వీడు ఇంతగా నగింది నేనెప్పుడూ సూడలేదు. సోమవారం నీ దగ్గరికే తెస్తా. వాణ్ణి మాత్రం కాలేజీకి పంపించెయ్," అంది తమ్ముణ్ణి చూపిస్తూ.

మర్నాడు కిషోర్ కుడిచేతికి కట్టుతో క్లాసుకు వెళ్ళి, ఎడమచేత్తో బొమ్మ వేసి, తలకిందుల ప్రతిబింబాల పాఠం మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.