మాస్టర్ గారు మందు తాగరట!

మందు తాగనని మొండికేసే చిలక ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి. రేషన్ కార్డు లేకపోయినా ఫర్వాలేదు, చిలక ఉండాలి. అదీ జబ్బు చేసిన చిలకైతే మరీ శ్రేష్ఠం!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. చిలకకు మందు పట్టడమంటే పెద్ద న్యూసెన్స్ అని జనం ఏడుస్తారు. వేలు కొరుకుతుందట, చీర మీద ఉమ్ముతుందట, పక్కింటికి వినపడేలా తిడుతుందట. ఎంత అజ్ఞానం! ఆ మూడూ చెయ్యని ప్రాణి ఇంట్లో ఉండి మాత్రం ఏం లాభం?

నమ్మకపోతే సూరత్ రండి. లింబాయత్‌లో మగ్గాల కార్ఖానాల వెనక గల్లీలో ప్రమీల ఇల్లు ఎక్కడని అడగండి. అసలు అడగనే అక్కర్లేదు. ఏ ఇంట్లోంచి చిలక నాలుగు భాషల్లో తిడుతుంటే అదే.

ప్రమీలది ఒక్క గది సంసారం. ఆ గదిలో ఆమె, భర్త రాజనర్సు, అత్త బుచ్చవ్వ, ఒక పంజరం. రాజనర్సుకు మగ్గాల మీద రాత్రి పాళీ. ప్రమీలకు చీరల దారాలు కత్తిరించే పని, అది పగలు. పొద్దున ఆమె చెప్పులేసుకునేసరికి అతను వస్తాడు. సాయంత్రం ఆమె చెప్పులు విడిచేసరికి అతను టిఫిన్ డబ్బా పట్టుకుని గడపలో ఉంటాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇద్దరి మధ్యా ఒక్క పెద్ద గొడవ లేదు. గొడవకైనా ఇద్దరూ ఒకే టైముకు ఇంట్లో ఉండాలి కదా!

వారానికోసారి కరెంటు కోత వల్ల మగ్గాలు ఆగుతాయి. ఆ రోజు ఇద్దరికీ సెలవే అయినా రాజనర్సు గల్లీ చివర చాయ్ బండి దగ్గర కూర్చుని, ఇంటికి భోజనానికి మాత్రం వస్తాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. మగవాడు చాయ్ బండి దగ్గర కూర్చోవడానికి కారణం కూడా కావాలా?

బుచ్చవ్వ రోజంతా ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే మగ్గాల పక్కన కూర్చుని కండెలు చుట్టి చుట్టి ఆమె చెవులు ఎప్పుడో రిటైరైపోయాయి. పక్కన పెళ్లి బ్యాండు మోగినా, "ఎవలో తలుపు కొడ్తున్నరే పిల్లా" అంటుంది.

ఇక చిలక. పేరు మాస్టర్. సూరత్ కార్ఖానాల్లో మగ్గాల మీదా మనుషుల మీదా పెత్తనం చేసేవాణ్ని మాస్టర్ అంటారు. తను ఏ పనీ చెయ్యకుండా పొద్దస్తమానం అందరి మీదా అరుస్తుంది గనుక దీనికీ ఆ ఉద్యోగం ఇచ్చారు. ప్రమీల కొత్తగా కాపురానికి వచ్చి, భాష తెలియని ఊళ్లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో ఆమెతో పగటిపూట తెలుగులో మాట్లాడిన ఏకైక ప్రాణి అదే. "పిల్లా, తిన్నవా?" అని అడిగేది. ఇప్పటికీ అడుగుతుంది. మొగుడికి ఆ టైము ఎక్కడిది?

అలాంటి మాస్టర్ ఒక సాయంత్రం దగ్గింది.

రెండు పొడి దగ్గులు, వాటి వెనకే సన్నటి ఈల. పాత సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు. ప్రమీల ఒక్క గంతులో పంజరం దగ్గరికి చేరింది.

"అత్తా! మాస్టర్‌కు దగ్గు పట్టింది! పొద్దంత గిట్లనే దగ్గిందా?"

"నాకేమెరుక బిడ్డా? అది నోరు తెరిస్తే తిడ్తుందనే అనుకుంటున్న" అంది బుచ్చవ్వ.

మర్నాడు ప్రమీల చౌక్‌లో పక్షులమ్మే భాయ్ దగ్గరికి పరిగెత్తి ఒక సీసా తెచ్చింది. పొద్దునా సాయంత్రం నోట్లో నాలుగు చుక్కలు వెయ్యాలన్నాడు భాయ్. చాలా తేలిగ్గా అన్నాడు. అతను అమ్మేవాడే గాని పట్టేవాడు కాదు.

ఇక్కణ్నుంచి ఆ ఇంటికి శుభాలు మొదలయ్యాయి. చూడండి.

మొదటిది ఆరోగ్యం. చిలక వెనక మంచం ఎక్కి, దిగి, కిందికి దూరి, బీరువా వెనక చెయ్యి పెట్టి ప్రమీల అంతకు ముందు లేని నడుము సంపాదించింది. జనం ఇదే పనికి జిమ్‌లకు పోతున్నారు! మందు సంగతంటారా? పచ్చిమిరపకాయలో పెడితే మాస్టర్ మిరపకాయ తిని మందు వదిలేసింది. జామపండులో పెడితే పండు తిని మందు వదిలేసింది. నోట్లో నేరుగా పోస్తే గోడ మీదికి ఊసింది. ఆ గోడ మీదున్న బల్లికి ఇక ఈ జన్మలో దగ్గు రాదు.

జాతీయ సమైక్యత కూడా సాధ్యమైంది. ఇటు పక్క గదిలో ఒడియా కుర్రాళ్లు, అటు పక్క మరాఠీ ఆంటీ, పైన యూపీ భయ్యా. ఇన్నాళ్లూ నల్లా దగ్గర బిందెలు పెట్టి కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు చిలకను పట్టుకోవడానికి ఒకే గదిలో చేరారు. ఒకరు తేనె అన్నారు, ఒకరు తులసి అన్నారు, భయ్యా అయితే ముక్కు పట్టుకుంటే నోరు తెరుస్తుందన్నాడు. చిలక ముక్కు పట్టుకున్న భయ్యా వేలికి కట్టు కట్టాల్సి వచ్చింది. అందరూ తమ తమ మాతృభాషల్లో దాన్ని తిట్టారు. మాస్టర్ శ్రద్ధగా నేర్చుకుంది.

అన్నిటికన్నా గొప్ప సంగతి, అత్తాకోడళ్లు ఒక్కటయ్యారు! పప్పులో ఉప్పు దగ్గర కూడా ఏనాడూ కలవని ఇద్దరూ చిలక మీద కలిసి యుద్ధం చేశారు. అయితే మాస్టర్‌కు తెలుగు వచ్చు, హిందీ వచ్చు. "మందు" అన్నా, "దవా" అన్నా పంజరం కప్పుకి తలకిందులుగా వేలాడి గల్లీ లేచేలా అరుస్తుంది. అందుకని వాళ్లు మగ్గాల భాష ఎత్తుకున్నారు.

మగ్గాల మధ్య పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అక్కడ అంతా చేతి సైగలే. దారం తెగితే ఒక సైగ, కండె కావాలంటే ఒక సైగ. పొట్ట గుండ్రంగా నిమురుకుంటే "సేఠ్ వస్తున్నాడు, బీడీ ఆర్పు" అని అర్థం. రాజనర్సు కార్ఖానా యజమాని సేఠ్‌కి సంతోషం వచ్చినా కోపం వచ్చినా పొట్ట నిమురుకునే అలవాటు మరి.

ప్రమీల ముక్కు గీరుకుంటుంది, అంటే తలుపు మూయమని. బుచ్చవ్వ వేళ్లు ఆడిస్తుంది, అంటే తువ్వాలు రెడీ అని. మిలిటరీ వాళ్లు కూడా ఇంత నిశ్శబ్దంగా దాడి చెయ్యరు! కాని తువ్వాలు పడే లోపలే మాస్టర్ బీరువా మీద ఉండేది. అక్కణ్నుంచి రెండు దగ్గులు, ఒక ఈల.

"సచ్చిపోతదేమో అత్తా!" అని ప్రమీల ఆ బీరువాకే తల ఆనించి ఏడ్చింది. ఇది మాత్రం నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు.

రాజనర్సు ఏం చేస్తున్నాడంటారా? గడపలో టిఫిన్ డబ్బా అందుకుంటూ, "ఒక చిలక కోసం గింత లొల్లా? అదే తగ్గుతది తియ్" అనేవాడు. చాలా గట్టి నమ్మకంతో అనేవాడు. ఒకరోజు పెళ్లాం బలవంతం మీద పట్టబోతే మాస్టర్ అతని చూపుడువేలు కూడా కొరికింది. తెగిన దారం ముడి వెయ్యడానికి కావాల్సిన వేలు అది. ఆ రాత్రి సేఠ్ కట్టు చూసి ఏమైందన్నాడు. రాజనర్సు చెప్పాడు.

సేఠ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీకు సేఠ్ గురించి చెప్పాలి. మహా జీవకారుణ్యం గల మనిషి. పొద్దున్నే పావురాలకు జొన్నలు వెయ్యనిదే మంచినీళ్లు ముట్టడు. ఆమధ్య రాజనర్సు జ్వరంతో సెలవడిగితే, "మగ్గం ఆగితే నాకు జ్వరం వస్తుంది, అప్పుడు నాకు సెలవు ఎవడిస్తాడు?" అని ఎంతో తార్కికంగా అడిగిన మనిషి. ఇప్పుడు, "అరెరే, బేచారా పోపట్! మూగ ప్రాణి!" అంటూ పొట్ట నిమురుకున్నాడు. పోపట్ అంటే చిలక. నాలుగు భాషల్లో తిట్టే ఆ మూగ ప్రాణి కోసం అక్కడికక్కడే మర్నాటి పాళీకి సెలవిచ్చాడు. వెళ్లడానికి తన టెంపో ఇచ్చాడు. పక్షులకు ఉచితంగా వైద్యం చేసే ధర్మాసుపత్రికి తన సెల్‌ఫోన్‌లోంచి తనే ఫోన్ చేశాడు.

అలా పాళీ దిగగానే రాజనర్సు, ప్రమీల చాలా కాలం తర్వాత పగటిపూట పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేశారు. మధ్యలో పంజరం. హనీమూన్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

ఆసుపత్రి ఎలా ఉందంటే, మనిషికి ఈర్ష్య పుట్టేలా ఉంది. చల్లటి నేల, తెల్లటి గోడలు. రెక్క విరిగిన పావురానికి మెత్తటి పరుపు. డాక్టరమ్మ మాస్టర్ ఛాతీకి స్టెతస్కోపు ఆనించి ఎన్నో ప్రశ్నలు అడిగింది. దీన్ని ఎక్కడ ఉంచుతారు? గాలి ఆడుతుందా? చుట్టుపక్కల మగ్గాల దుమ్ము ఉందా?

"పోగుల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి చోట ఒక్క పూట ఉంచినా పాపం!" అని కోప్పడింది కూడా.

రాజనర్సు తల ఊపాడు. అతని చెవుల మీద, కనుబొమల మీద రాత్రి పాళీ దుమ్ము ఇంకా తెల్లగా ఉంది.

డాక్టరమ్మ మళ్లీ విన్నది. కళ్లు చూసింది, రెట్ట చూసింది. చివరికి, "దీనికేం జబ్బు లేదు. ఇది దగ్గడం కాదు, నేర్చుకున్న పాట. మీ ఇంట్లో ఎవరు దగ్గుతారు?" అంది.

"ఎవ్వలు దగ్గరు మేడం" అంది ప్రమీల వచ్చీరాని హిందీలో.

గది నిశ్శబ్దంగా ఉంది. మగ్గాల చప్పుడు లేదు, గల్లీ లొల్లి లేదు. ఆ నిశ్శబ్దంలో రాజనర్సు మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, ఆపుకోలేకపోయాడు. రెండు పొడి దగ్గులు. వాటి వెనకే సన్నటి ఈల.

బల్ల మీది మాస్టర్ వెంటనే అందుకుంది. రెండు దగ్గులు, ఈల.

ప్రమీల భర్త వంక చూసింది, చిలక వంక చూసింది.

"ఎన్నొద్దుల సంది?"

"గిప్పుడే. పొలమారింది."

మాస్టర్ మళ్లీ దగ్గింది. కోర్టులో కూడా ఇంత గట్టి సాక్షి దొరకదు!

"చాయ్ బండి కాడ కూసునేది గిందుకేనా? నాకు ఇనపడద్దని?"

"దగ్గెటోన్ని సేఠ్ మగ్గం మీద ఉంచుతడా ప్రమీలా? నా తావుల రేపటికి ఇంకోన్ని నిలవెడ్తడు. ఇగ తినేదేంది?"

"నువ్వు సచ్చినంక తినుడెందుకు?" అని అరిచింది ప్రమీల. డాక్టరమ్మకు తెలుగు రాదు గాని అర్థమైంది.

తర్వాత జరిగిందంతా చిలక పుణ్యమే. సర్కారు దవాఖానాలో రాజనర్సుకు ఎక్స్‌రే ఫొటో తీసి, ఛాతీలో దుమ్ము చేరిందన్నారు. వారం వారం వచ్చి చూపించుకోవాలన్నారు, నెలల తరబడి మందు తాగాలన్నారు. మందు చేదని రాజనర్సు పళ్లు బిగబట్టాడు. ఎవరి దగ్గర! ప్రమీల ముక్కు గీరుకుంది. బుచ్చవ్వ వేళ్లు ఆడించింది. తలుపు పడింది, తువ్వాలు పడింది. అతనికి ఎగిరి బీరువా ఎక్కడం రాదు గనుక మందు లోపలికి పోయింది. మాస్టర్ మీద చేసిన ప్రాక్టీసు వృథా పోలేదు!

కాని పగలంతా దవాఖానా లైన్లో నిలబడ్డ మనిషి రాత్రంతా మగ్గం ముందు నిలబడగలడా? దవాఖానా రోజూ కరెంటు కోత రోజూ ఒకటి కావు గనుక వారం వారం సెలవు కావాలి. ఎవరి పేరు మీద అడగాలి?

మీరు తెలివైనవారు, ఊహించే ఉంటారు. "పోపట్‌ను వారం వారం చూపించాలన్నరు సేఠ్" అన్నాడు రాజనర్సు. సేఠ్ మంజూరు చేశాడు. పైగా రోజూ, "పోపట్ కైసా హై?" అని అడుగుతాడు.

ఇందులో ఒక్కటే చిక్కు. మందు పడి రాజనర్సు దగ్గు తగ్గేకొద్దీ మాస్టర్ పాట మర్చిపోసాగింది. సరిగ్గా అప్పుడే సేఠ్, రోగిని స్వయంగా చూస్తానని కబురు పెట్టాడు! ప్రమీల అన్నం మానేసి పంజరం ముందు కూర్చుంది. సేఠ్ లాగే తన పొట్ట నిమరడం, దగ్గడం, మాస్టర్ దగ్గితే పచ్చిమిరపకాయ ఇవ్వడం. ఏ దగ్గు మాన్పడానికి బల్లికి కూడా మందు పోసిందో, ఆ దగ్గే ఇప్పుడు చేతులు జోడించి నేర్పింది.

సేఠ్ జామపళ్ల బుట్టతో వచ్చాడు. వంగి గదిలోకి దూరి పంజరం ముందు నిలబడ్డాడు. మాస్టర్ జామపండు తింది. "పిల్లా, తిన్నవా?" అని సేఠ్‌ను పలకరించింది. రెక్కలు విదిలించింది. దగ్గలేదు.

"అరే, యే తో ఏక్‌దమ్ ఠీక్ హై! బాగానే ఉందే!" అన్నాడు సేఠ్. ఆ సంతోషంలో సేఠ్ తన పొట్ట గుండ్రంగా నిమురుకున్నాడు.

మాస్టర్ దగ్గింది. రెండు దగ్గులు, ఈల, మిరపకాయ కోసం చాపిన మెడ.

"అరెరే! ఇంకా తగ్గలేదే! ఛుట్టీ తీసుకో రాజనర్సూ, ఎన్నాళ్లు పట్టినా తీసుకో" అన్నాడు సేఠ్ కళ్లు తుడుచుకుంటూ. అప్పుడే మూలన నిలబడ్డ రాజనర్సుకు కూడా ఒక దగ్గు వచ్చింది. సొంతది.

సేఠ్ వెనక్కి తిరిగి కోపంగా చూశాడు.

"జర అటు తిరిగి దగ్గు! పక్షికి అంటుకుంటుంది."

అందుకే చెబుతున్నాను, చిలకను పెంచండి. దానికి జబ్బు లేకపోయినా ఫర్వాలేదు. మీకుంటే చాలు!