ఎవరి సంచీ వాళ్ళే కుట్టుకోండి

తప్పంతా ఓనరుదే. ఇందులో మొహమాటం ఏమీ లేదు. గట్టివాన పడితే బస్సులు ఆగిపోతాయని ఆయనకు తెలుసు. పనివాళ్ళు ఇళ్ళకు చేరలేరనీ తెలుసు. కిందటి వానకు అందరూ కుట్టుమిషన్ల మధ్యే పడుకున్నారు. దానికి ఆయన కనిపెట్టిన మందు, పొద్దున్నే ఒక ఉపన్యాసం.

"ఆపద చెప్పి రాదు. నీళ్ళు, టార్చి, బిస్కెట్లు, పొడిబట్టలు సంచీలో సర్దుకుని దగ్గర పెట్టుకోండి. ఎంచక్కా నడిచి వెళ్ళిపోవచ్చు!"

"సంచీ మీరిస్తారా సార్?"

"సంచులు కుట్టే షెడ్డులో ఉండి సంచీ అడుగుతారా? గుడ్డముక్కలు మిగిలున్నాయి. ఎవరిది వాళ్ళే కుట్టుకోండి."

చిక్కంతా అక్కడే ఉంది. ఆ షెడ్డులో ఎవరూ ఏనాడూ పూర్తి సంచీ కుట్టి ఎరగరు. పని జోరుగా సాగాలని ఓనరే ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క అప్పగించాడు. బెల్టులక్క బెల్టులే కుట్టాలి, జిప్పుల బావ జిప్పులే, జేబుల పిన్ని జేబులే.

చేతులు అలవాటైన దారినే పోయాయి. అక్క తన సంచీకి భుజాలకు, నడుముకు, ఛాతీకి, ఎందుకైనా మంచిదని మరికొన్ని బెల్టులు కుట్టింది. బకిల్సు వేయడం ఆమె పని కాదు కనుక అన్నిటికీ ముళ్ళే గతి. బావ సంచీ ఎటు తిప్పినా జిప్పే. పిన్నిది సంచీ కాదు, జేబుల గుత్తి.

"ఏంటక్కా, సంచీని నువ్వు మోస్తావా, నిన్ను సంచీ మోస్తుందా?"

"ఇన్ని జిప్పులు కుట్టావు, నీ నోటికొకటి మర్చిపోయావు బావా."

మాటకు మాట అందే గానీ అక్కకు ఇది నవ్వులాట కాదు. కిందటి వానకు ఆమె చిన్నకూతురు పక్కింటి గుమ్మంలో ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఈసారి ఏమైనా సరే ఇంటికొస్తానని పిల్లకు మాటిచ్చింది.

ఆ మధ్యాహ్నమే వాన దంచింది. సాయంత్రానికి బస్సులు ఆగాయి, కరెంటు పోయింది. అక్క బెల్టులన్నీ ముళ్ళేసుకుని చీకట్లో గుమ్మం వైపు ఉరికింది. అదే గుమ్మంలో బావ టార్చి కోసం ఒక్కో జిప్పూ లాగి చూస్తున్నాడు. ఒక జిప్పు అక్క బెల్టును కరుచుకుంది.

"వదులు బావా!"

"పట్టుకుంది నేను కాదక్కా, జిప్పు!"

గుంజిన కొద్దీ బిగిసింది. విడదీయబోయిన పిన్ని జేబులో ఇంకో బెల్టు దూరి మెలికపడింది. ముగ్గురూ ఒక్క మూటై ఆ ఇరుకు గుమ్మంలో బిరడాలా బిగుసుకున్నారు. వెనక షెడ్డంతా ఆగిపోయింది. అందరికంటే వెనక, గొడుగుతో ఓనరు.

"తప్పుకోండి! నేను ఇంటికెళ్ళాలి!"

"మేం మాత్రం పెళ్ళికి బయల్దేరామా సార్?" అంది పిన్ని.

"కత్తెరతో కోసేయండి!"

"కత్తెరలు ఎత్తుకుపోతామని బల్లలకు గొలుసులేసి వెల్డింగ్ చేయించారు కదా! బల్ల ఇక్కడికి రాదు, మేం అక్కడికి రాలేం."

లోపలికి నీళ్ళు రావడం మొదలైంది. వెనకున్నవాళ్ళంతా ఒక్కసారి నెట్టారు. మూట ఊడి బయటపడింది, తిన్నగా ఓనరు వ్యానులోకి. సరుకు తడవకుండా దాటించడానికి తలుపులు తెరిచి గుమ్మం ఎదుటే నిలబెట్టిన వ్యాను అది.

"దిగండి! సరుకు నలిగిపోతుంది!"

"ఎలా దిగాలో చెప్పండి, దిగుతాం," అంది అక్క.

"సార్, ఇంకాసేపు ఆగితే బండే గంగపాలు," అని డ్రైవరు ఇంజను వేశాడు. మూటను చూసి మిగతావాళ్ళూ ఎక్కారు. గత్యంతరం లేక ఓనరూ ఎక్కి సరుకు మీద కూర్చున్నాడు.

వ్యాను మొదట ఆగింది అక్క వీధిలోనే. పక్కింటి గుమ్మంలోంచి పిల్ల పరుగెత్తుకొచ్చి మూటను ఎగాదిగా చూసింది.

"వస్తానన్నావు సరే, వీళ్ళనెందుకే అమ్మా తెచ్చావు?"

పక్కింటావిడ కత్తెర తెచ్చింది. దానికి గొలుసు లేదు.

మర్నాడు ఓనరు అందరికీ బకిల్సు పంచబోయాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. బకిల్సు ఎవరికి కావాలి? వాళ్ళడిగింది ఒక్కటే: వానొస్తే వ్యానులో ముందు మనుషులెక్కాలి, తర్వాతే సరుకు. ఆ మాట ఇవాళే గోడ మీద రాయించాలి. లేదంటే ఈసారి షెడ్డంతా కలిసి ఒకటే సంచీ కుట్టుకుని ఆ గుమ్మంలోనే బిగుసుకుంటుంది.