నీలకంఠం మాస్టారి అడ్డవిల్లు

నీలకంఠం మాస్టారు పెరట్లో తుపాకీ తయారుచేస్తున్నాడని వరహాలమ్మ చెప్పిందట. నూతి దగ్గర నలుగురికి చెప్పిందట. ఆ నలుగురూ తలా నలుగురికి చెప్పేసరికి మధ్యాహ్నానికి తుపాకీ కాస్తా ఫిరంగి అయింది. సాయంత్రం సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు దిగినవాళ్లకి, సముద్రంలో పోయే ఓడల్ని మాస్టారు పెరట్లోంచే కొట్టబోతున్నాడని తెలిసింది.

వరహాలమ్మది గోడకి అవతలి ఇల్లు. చెవులు మాత్రం గోడకి ఇవతల ఉంటాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి. కొండల వైపు గిరిజనుల గొడవలు మొదలైన రోజులు. విల్లూ అంబూ అని ఎవరైనా పైకి అంటే పక్కవాడు దగ్గి మాట మార్చేవాడు. అలాంటి కాలంలో బడికి సెలవులిచ్చిన పంతులు ఉలీ సుత్తీ పట్టుకుని రోజంతా పెరట్లో టకటకలాడిస్తుంటే, ఊరు ఊరుకుంటుందా?

అసలు సంగతి తుపాకీ కాదు, ఫిరంగీ కాదు. కొబ్బరికాయలు.

మా ఉద్దానంలో పురోహితుడు లేకపోయినా పెళ్లి ఎలాగో నడుస్తుంది గాని, కాయలు దింపే గున్నయ్య లేకపోతే ఏదీ నడవదు. గున్నయ్య చెట్టెక్కాడంటే ఎవరింట్లో ఏం కూరో, ఎవరి మొహం ఎవరు చూడడం లేదో అన్నీ అతని కాళ్ల కిందే ఉంటాయి. అందుకే కాయ దింపేవాళ్లకి ఒక కట్టడి ఉంది. చెట్టు మీద చూసింది చెట్టు మీదే వదిలేసి దిగాలి.

ఆ కట్టడిని గున్నయ్య తప్పాడు. మాస్టారు రుబ్బురోలు ముందు బాసింపట్టు వేసుకుని మినప్పప్పు రుబ్బుతుండగా చూశాడు. చూసినవాడు దిగి, టీ బడ్డీ దగ్గర తొమ్మిదిమంది ముందు చెప్పాడు.

భార్య కమలకుమారికి కత్తిపీట మీద వేలు తెగిందనీ, అందుకే రుబ్బాననీ మాస్టారు చెప్పుకోవచ్చు. కాని మగవాడు ఇంట్లో గ్లాసు కూడా ముట్టుకోకూడదని అదే బడ్డీ దగ్గర పదేళ్లుగా పాఠం చెబుతున్నది ఆయనే. అందుకే తిన్నగా ఆ బడ్డీ దగ్గరికే వచ్చి, ఆ తొమ్మిదిమంది ముందే గున్నయ్యని నిలదీశాడు.

"ఏరా గున్నయ్యా, చెట్టు మీద చూసింది చెట్టు మీదే వదిలేయాలని తెలీదా నీకు?"

"తెలుసు బాబూ. సూసింది వదిలీగలిగినాను గాని, నవ్వు వదల్లేకపోనాను."

"ఇవాళ్టి నుంచి నా చెట్టు మీద నీ కాలు పడకూడదు!"

"మరి కాయలెలగ దిగతాయి బాబూ?"

"నేను దింపుతాను."

"ఎక్కీసా?"

"ఎక్కకుండా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక మాస్టారికే ఆశ్చర్యం వేసింది. కాని తొమ్మిదిమంది విన్నారు. తొమ్మిదిమంది విన్న మాటని వెనక్కి తీసుకోవడం కంటే నలభై అడుగుల చెట్టుని ఒంగమని బతిమాలుకోవడం తేలిక.

ఇంటికొచ్చేసరికి కమలకుమారి చీపురు పుల్ల పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కబురు ఆయన కంటే ముందే వచ్చేసింది.

"ఏటండీ, గున్నయ్యని వద్దన్నారట?"

"అన్నాను."

"శుక్రవారం నాకు నలభై కాయలు కావాలి."

"ఉంటాయి."

"నిమ్మాడలో మా అన్నయ్య కూతురి పెళ్లి. మేనత్తని. పదిగంటల పాసింజరుకి నా సారె కావిడి ఎక్కాలి. ఎక్కకపోతే మా వదిన నన్ను బతకనిస్తుందేటి?"

"ఎక్కుతుందంటున్నానుగా!"

"కాయలెవరు దింపుతారు? గాలా?"

"నేను!"

ఆమె ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. కళ్లద్దాల దగ్గర చూపు కాసేపు ఆగింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లినప్పుడల్లా మాస్టారికి ఏదో ఒక నష్టం జరిగింది. కాని పట్టుదల మీద ఉన్న మనిషికి చరిత్ర గుర్తురాదు.

అయితే ఆయన చదివిన చరిత్ర మాత్రం గుర్తొచ్చింది. బడి బీరువాలో ఒక ఇంగ్లీషు చరిత్ర పుస్తకం ఉంది. అందులో ఒక ఇనప టోపీవాడు విల్లుని అడ్డంగా ఒక కర్రకి బిగించి, భుజానికి ఆనించి, మీట నొక్కుతున్న బొమ్మ. క్రాస్‌బో అట. మాస్టారు దానికి అడ్డవిల్లు అని పేరు పెట్టాడు. బాణం కొసకి ఒంపు తిరిగిన కత్తి బిగిస్తే, అది వెళ్లి తొడిమ కోస్తుంది, కాయ కింద పడుతుంది. ఎక్కక్కర్లేదు. గున్నయ్య అక్కర్లేదు.

వడ్రంగి దగ్గర రంపం, ఉలి, బాడిస అరువు తెచ్చాడు. నవారు మంచం పట్టె ఒకటి ఊడదీసి విల్లుకి మొండెం చేశాడు. ఆ రాత్రి నుంచి మాస్టారి పడక నేల మీదే. బాణం కూచునే గాడిని ఉలితో తొలుస్తూ రెండు రోజులు గడిపాడు. గాడి తిన్నగా రాలేదు గాని, ఎడం చేతి బొటనవేలి గోరు తిన్నగా పోయింది. మీటకి ఏదైనా ఇనప ముక్క కావాలి. వంటింటి తలుపు గొళ్లెం సరిగ్గా సరిపోయింది.

"ఏటండీ, పిల్లి పాలు తాగీసింది. తలుపుకి గొళ్లెం ఏది?"

"సైన్సుకి కొంత త్యాగం కావాలి కమలా."

"అయితే రేపు కాఫీలో సైన్సు కలుపుకుని తాగండి."

కొడవలి ముక్క అరగదీసి బాణానికి మొన చేశాడు. సరుగుడు కొమ్మలు చెక్కి బాణాలు చేశాడు. అల్లెతాటికి కొబ్బరి పీచు తాడు వేస్తే సాగిపోయింది. తీరానికి నాలుగు మైళ్లు నడిచి వలతాడు తెచ్చాడు. ఇక మిగిలింది అసలు విల్లు. ఒంగాలి, ఒంగి మళ్లీ చటుక్కున లేవాలి.

కనబడిన ప్రతి వెదురు గడనీ వేలితో కొట్టి చూడడం మొదలుపెట్టాడు. వరహాలమ్మ పందిరి గుంజ కూడా కొట్టి చూశాడు.

"ఓలమ్మీ కమలా, మీ ఆయన నా పందిరికి జొరమొచ్చిందేమోనని సూస్తన్నాడే!" అని గోడ మీంచి కేకేసింది వరహాలమ్మ.

ఆ సాయంత్రం కమలకుమారి ఊరగాయ జాడీ కోసమని దీపం పట్టుకుని అటకెక్కింది. చాలాసేపటికి గాని దిగలేదు. జాడీ లేకుండానే దిగింది. మాస్టారు బాణం చెక్కుకుంటూ ఈ సంగతి చూశాడు గాని పట్టించుకోలేదు.

మర్నాడు ఆయనకి వెలిగింది. వెదురు గుణమంతా ఉన్నది ఎక్కడ? కావిడి బద్దలో! రెండు వైపులా మణుగు బరువు తగిలించినా నడకకి తాళం వేస్తూ ఒంగిలేచేది అదొక్కటే.

ఇంట్లో రెండు కావిళ్లున్నాయి. అటక మీద పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకే డొంకలో పుట్టిన కవలల్లా ఉంటాయి. ఒకటి మాస్టారి తండ్రిది. ఆయన దాని మీదే నూటపాతిక కాయలు మోసుకుని పలాస దాకా నడిచాడని మాస్టారు ప్రతి పండక్కీ చెబుతాడు. పండక్కి పదేసి కాయలు పెరుగుతుంటాయి. దాన్ని ఎవరూ ముట్టకూడదు. రెండోది కమలకుమారి పుట్టింటిది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు సారె దాని మీదే వచ్చింది. పుట్టింటికి ఏ సారె పంపినా దాని మీదే పోవాలి. వేరే కావిడి మీద పంపితే ఆడపడుచు పుట్టింటి ఉప్పు మరిచిందంటారు. గుర్తుకి దాని నడుముకి పసుపు గుడ్డ కట్టి ఉంటుంది.

మాస్టారు అటకెక్కి చీకట్లో పది నిమిషాలు ధర్మసంకటం పడ్డాడు. ఒక పక్క తండ్రి, ఒక పక్క మామగారు. మామగారు ఎలాగూ కాలం చేశారు, తండ్రీ కాలం చేశాడు, కాని తండ్రి కలలోకి వస్తుంటాడు. పసుపు గుడ్డ ఉన్నదాన్నే దించి, గుడ్డ విప్పి జేబులో కుక్కుకుని, రెండు మూరలు కోసి, మొండేనికి అడ్డంగా బిగించేశాడు. శుక్రవారం లోపు పలాస సంతలో అలాంటిదే ఇంకోటి కొని గుడ్డ కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

పలాస సంత శనివారం. ఆ సంగతి విల్లు బిగించాక గుర్తొచ్చింది.

"మా నాన్న కావిడి దించి పెట్టండి, తుడుచుకోవాలి," అంది కమలకుమారి బుధవారం.

"రేపు దించుతాను."

"చెదలు పట్టలేదు గదా?"

"చెదలా? పట్టొచ్చు. వెదురు కదా. మనం ఏదీ చెప్పలేం."

"మీ నాన్నదానికి కూడా పట్టి ఉంటుందేమో."

"ఛ! మా నాన్నదానికి పట్టదు. అది వేరే రకం."

"అవును, వేరే రకం," అంది కమలకుమారి. గబుక్కున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తుమ్ము కాబోలనుకున్నాడు మాస్టారు.

గురువారం పరీక్ష. మొదటి బాణం మాస్టారి పాదాల దగ్గరే పడింది, నమస్కారం పెట్టినట్టు. రెండోది కొబ్బరి చెట్టుకి గురిపెడితే వరహాలమ్మ ఇంటి కప్పు మీద పాకిన గుమ్మడికాయకి దిగింది. మూడోదానికి చాకలి దండెం తెగి, ఊరి బట్టలన్నీ బురదలో పడ్డాయి.

"ఎవరు మాస్టరూ నా గుమ్మడికాయని పొడిసినోడు?" అని వరహాలమ్మ అరిచింది. మాస్టారు నిజంగానే భుజాలు తడుముకున్నాడు, ఎందుకంటే విల్లు తన్నిన తన్నుకి కుడి భుజం వాచింది.

"గురి కుదరడం లేదు గదండీ," అంది కమలకుమారి. "పోనీ గున్నయ్యని..."

"ఆ పేరు నా ఇంట్లో ఎత్తకు! రేపు ఊరంతా చూస్తుండగా నలభై కాయలూ దింపుతాను. దింపకపోతే రోజూ టీ బడ్డీ ముందే పప్పు రుబ్బుతాను!"

గోడ అవతల ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడైంది. తెల్లారేసరికి ఆ మాట కూడా ఊరంతటికీ తెలిసింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి పెరడు నిండిపోయింది. తొమ్మిదిమందీ వచ్చారు, వాళ్ల తొంభైమంది చుట్టాలూ వచ్చారు. గున్నయ్య మాత్రం కనబడలేదు. భయపడ్డాడు వెధవ, అనుకున్నాడు మాస్టారు.

అడ్డవిల్లు భుజానికెత్తి, నూతి పక్కన ఉన్న పెద్ద చెట్టుకి గురిపెట్టి, గొళ్లెం నొక్కాడు.

ఠంగ్!

బాణం ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు. కాని చెట్టు మీంచి కాయొకటి ధబ్బున పడింది.

ఊరంతా నోరు తెరిచింది. అందరికంటే పెద్దగా తెరిచింది మాస్టారు.

ఠంగ్! ధబ్బు. ఠంగ్! ధబ్బు. ఏడు బాణాలకి ఏడు కాయలు. నాలుగోదానికి ఆయన కళ్లద్దాలు తుడుచుకోవడం మానేశాడు. అయిదోదానికి గురి గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆరోదానికి గున్నయ్యలాంటివాళ్లు ఇక వేరే వృత్తి చూసుకోవాలని జాలిపడ్డాడు. వరహాలమ్మ ఎందుకో చెంగు మొత్తం నోట్లో కుక్కుకుని ఉంది.

ఎనిమిదోసారి ఇంకాస్త గట్టిగా లాగి అల్లెతాడు తగిలించాడు. మీట మీద వేలు ఇంకా పడనేలేదు. ఫట్టుమని, తుపాకీ పేలినట్టు, విల్లు నడిమికి రెండు ముక్కలైంది. బాణం గాడిలో అలాగే ఉండిపోయింది.

చెట్టు మీంచి మాత్రం ఒక గెల మొత్తం దబదబా వచ్చి పడింది.

మాస్టారు చేతిలో ఉన్న బాణం వైపు చూశాడు. కింద పడ్డ గెల వైపు చూశాడు. తల మెల్లగా పైకెత్తాడు.

"ఎవడ్రా పైనున్నది?"

మట్టల్లోంచి ఒక తల బయటికి వచ్చింది.

"నానే బాబూ. సప్పుడు పెద్దదొచ్చినాదని పెద్ద గెల కొట్టినాను. తప్పా?"

"గున్నయ్యా! ఎప్పుడెక్కావురా?"

"కోడి కూసినప్పుడే. కమలమ్మగోరు ఎక్కమన్నారు. సప్పుడైనప్పుడల్లా ఒక్కటి వదలమన్నారు."

"ఒరే, బాణం తగిలుంటే చచ్చేవాడివి కదరా!"

"లేదు బాబూ. నిన్నంతా సూసినాను గదా. ఈ ఊరు మొత్తానికి మీ బాణం రాని సోటు ఒక్కటే, మీరు గురిపెట్టిన సోటు."

పెరడు పెరడంతా విరగబడి నవ్వింది. నవ్వుతూనే గున్నయ్య మిగిలిన కాయలన్నీ దింపి, రెండు ఉట్లలో ఇటు ఇరవై, అటు ఇరవై సర్దాడు. దూరంగా మందస వైపు నుంచి రైలు కూత వినబడింది.

"బేగి కావిడి బద్ద తెండమ్మా, బండి వచ్చీస్తంది," అన్నాడు.

మాస్టారు కిందికి చూశాడు. గురి పోతే పోయింది, పరువు పోతే పోయింది, బడ్డీ ముందు పప్పు రుబ్బమంటే రుబ్బుతాడు. కాని ఆ బద్ద ముక్కలు తన కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. సారె పోకపోతే కమల మొహం ఎలా చూడడం? జేబులోంచి పసుపు గుడ్డ తీసి చేతిలో పెట్టుకుని, జనమందరి ముందు మొదటిసారిగా గొంతు తగ్గించాడు.

"కమలా, తప్పు నాది. మీ నాన్న కావిడి... అదే ఈ విల్లు. కోసేశాను."

కమలకుమారి ఆ గుడ్డ అందుకుంది. లోపలికి వెళ్లింది. అటక మీద మిగిలి ఉన్న రెండో కావిడిని తెచ్చి, తీరిగ్గా దాని నడుముకి గుడ్డ కట్టి, గున్నయ్య భుజం మీద పెట్టింది.

మాస్టారు ఎగిరిపడ్డాడు. "ఆగు! దాన్ని ముట్టుకోకు! అది మా నాన్నది! నూటయాభై కాయలు మోసిన కావిడి అది!"

"కాదండీ. వరహాలమ్మత్త పందిరి గుంజని మీరు కొట్టి చూసిన రోజే అటకెక్కి, ఈ గుడ్డ దానికి మార్చి కట్టాను. ఇది మా నాన్నది. మీరు కోసింది మీ నాన్నది."